పెద్దబావ ఇంట్లో మా బావ కంప్యూటర్

దయ్యాలున్నాయని నన్ను ఒప్పించాలని మా వాళ్ళలో చాలామంది ప్రయత్నించారు. ఒక్కరూ గెలవలేదు. సైన్సు చదివి నమ్మకం పోగొట్టుకున్నానేమో అనుకోకండి, ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నా నమ్మకం పోయింది నా పని వల్ల. హోసూరు పక్కన మూకండపల్లిలో ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు, కెమెరాలు, తలుపుల తాళాలు బాగుచేస్తుంటాను. "దానంతట అదే ఆన్ అయిపోతోంది" అంటారు. వెళ్ళి చూస్తే స్విచ్చు లూజు. "లోపల ఎవరో గీకుతున్నారు" అంటారు. మూత తీస్తే ఫ్యానులో బల్లి. ఇన్నేళ్ళలో నేను వదిలించిన దయ్యాలకు లెక్క లేదు. ఒక్కదానికీ నిమ్మకాయ కోయలేదు. స్క్రూడ్రైవర్ చాలింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. బంధువుల్లో నాకు ఆకతాయి అని పేరు. ఎవరింట్లో ఏ వింత జరిగినా ముందు నా జేబులు వెతుకుతారు. ఈ సంగతిలోనూ అదే అయింది. ఇప్పటికీ సగంమంది ఇదంతా మంజుగాడి పనే అంటారు. నిజంగా నా పనే అయ్యుంటే ఈపాటికి మీసం మెలేసుకుంటూ ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. నా పని కాదు. అదే నా బాధ.

మా సరోజక్కను కెలమంగలంలో ఇచ్చాం. బావ పేరు మునిరాజు. ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళి పత్రికలు తయారుచేసేవాడు. మా వైపు పత్రిక అంటే చిన్న పని కాదు. పెళ్ళికొడుకు వాళ్ళు తెలుగు, పెళ్ళికూతురి వాళ్ళు కన్నడం, పిలవాల్సిన ఆఫీసువాళ్ళు తమిళం. మూడు భాషలూ ఒకే అట్ట మీద తగువులాడుకోకుండా కూర్చోవాలి. బావ బొమ్మలు, అంచులు గీస్తే అక్క అక్షరాలు కొట్టేది. అచ్చుకు మాత్రం హోసూరు పంపేవాళ్ళు. ఇద్దరి అన్నమూ ఆ డబ్బాలోనే ఉడికేది.

డబ్బా మాత్రం మహా మొండిది. మానిటర్ కేబుల్ లూజు. ఇంటి ముందు డెంకణికోట బస్సు వెళ్ళిందంటే తెర గులాబీ రంగుకు తిరిగేది. పసుపు కుంకుమల పత్రిక కాస్తా బీట్‌రూట్ రసంలో ముంచినట్టు అయ్యేది. ఇక యాంటీవైరస్. అది వైరస్‌ను పట్టుకోగా నేను చూడలేదు, బావను మాత్రం రోజూ పట్టుకునేది. పెళ్ళికూతురి పేరు సగం కొట్టేసరికి తెర మధ్యకు వచ్చి నిలబడి, రక్షణ గడువు ముగిసింది, రక్షణ గడువు ముగిసింది అని పోరు. మూసేస్తే మళ్ళీ వచ్చేది.

"వైరస్సే మేలప్పా మంజా," అనేవాడు బావ. "అది వచ్చిందంటే ఒక మూల గమ్మున కూర్చుంటాది. ఈ కావలివాడే పని చేసుకోనియ్యడు."

కేబుల్ మారుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "దానికి నేను అలవాటు పడినాను, నాకు అది అలవాటు పడింది. నువ్వు మధ్యలో యాడ దూరతావు?" అని నవ్వేవాడు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు. హోసూరులో చూపించి కృష్ణగిరికి తీసుకుపోతుండగా దారిలోనే పోయాడు.

కర్మలు ముగిసిన మర్నాడు బావ అన్న గోపాలప్ప గూడ్సు ఆటోతో వచ్చాడు. ఆయనదీ మూకండపల్లే, నా ఇంటికి రెండు వీధుల అవతల. ఫ్యాక్టరీ పనివాళ్ళకు గదులు అద్దెకిచ్చుకుని బతికే మనిషి, కొరత ఏమీ లేదు. అక్క ఇంకా లోపలి గదిలో చాప మీదే ఉంది. ఈయన నేరుగా ముందుగదిలోకి పోయి కేబుళ్ళు పీకసాగాడు.

నేను అడ్డంపడ్డాను. "ఏం చేస్తా ఉండావు పెద్దబావా?"

"తమ్ముడి వస్తువు అన్న ఇంట్లో ఉంటే తప్పేమప్పా? ఈడుంటే దుమ్ము పడతాది."

"అక్క పని చేసుకోవల్ల కదా దాంట్లో?"

"ఒంటి ఆడమనిషి ఇంటికి పెళ్ళి పత్రికలు రాపించుకునేదానికి ఎవురొస్తారప్పా? శుభకార్యం కదా అది."

ఈ మాట అక్కకు వినపడేలా అన్నాడు. నేను చొక్కా పట్టుకోబోతే పెద్దవాళ్ళు నన్ను వెనక్కు లాగారు. చావింట్లో గొడవేమిటన్నారు. చావింట్లో దోపిడీ ఏమిటని ఆయన్ను ఒక్కరూ అడగలేదు.

వారం తిరక్కముందే ఆయన ఇంటి గోడకు బోర్డు పడింది. మునిరాజు పెళ్ళి పత్రికలు. పేరు కూడా మా బావదే! పని బావది, పేరు బావది, గల్లాపెట్టె మాత్రం గోపాలప్పది. కనీసం బావ గీసిన బొమ్మలైనా పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటామని వెళ్ళి అడిగాను. గుమ్మంలోనే ఆపేసి, "నీ పెన్‌డ్రైవు పెడితే వైరస్ వస్తాది పో అప్పా" అన్నాడు. వైరస్ గోడకు బోర్డు కట్టుకుని కూర్చుందని అప్పుడే నాకు అర్థమైంది.

అక్కకు ఇంకో కంప్యూటర్ తెచ్చి ఇచ్చినా లాభం లేకపోయింది. బావ ఏళ్ళ తరబడి కూర్చిన బొమ్మలు, అక్షరాలు అన్నీ ఆ పాతదాంట్లోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు పాత నమూనాలు చూపించమనేవాళ్ళు. చూపించడానికి ఏమీ లేక అక్క వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేది. ముందు ఐప్పసి నెల, అంటే తమిళ లెక్కలో దీపావళి నెల, వరసగా ముహూర్తాలు. ఆ నెల పోతే వాడుకగా వచ్చేవాళ్ళందరూ గోపాలప్ప గుమ్మానికి మళ్ళినట్టే. ఆ తర్వాత అక్క బతుకు ఏదో ఒక పూలతోటలో కూలికి పోవడమే.

నేను పగబట్టాను. అబద్ధమెందుకు, పగలూ రాత్రీ అదే ధ్యాస. ఆయన ఇంటికి వచ్చే నెట్ తీగ ఎక్కడ తెంపితే ఎవరికీ దొరకదో నాకు తెలుసు. డబ్బాలో చక్కెర పోసి చీమల్ని పిలుద్దామా అనుకున్నాను. అక్కకు చెబితే నవ్వలేదు.

"నువ్వేమీ చెయ్యొద్దు మంజా. నువ్వు వేలు పెడితే అంతా నీ పేరు మీదికి పోతాది. ఆ ఇంట్లో అది పని చెయ్యదు." బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే అంది: "చెయ్యనియ్యడు."

సంతలో వంకాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు అది గుర్తుండిపోయింది.

నిజంగానే పని చేయలేదు. వింత ఏమిటంటే పాటలు పెడితే పాడేది. రత్నక్క, అంటే గోపాలప్ప భార్య, సీరియళ్ళు పెట్టుకుంటే పొద్దంతా చూపించేది. పెళ్ళి పత్రిక తెరిచి పేరు మార్చబోతే మాత్రం తెర నల్లబడేది. పత్రికలు కొట్టడానికి పెట్టుకున్న అమ్మాయి కొన్నాళ్ళు చూసి మానేసింది. వైరస్ పట్టిందనుకుని గోపాలప్ప ఒకటికి మూడు యాంటీవైరస్‌లు ఎక్కించాడు. ఒకదాన్నొకటి దొంగా దొంగా అని పట్టిచ్చుకుంటూ ముగ్గురు తోడికోడళ్ళ ఇల్లులా తయారైంది. ఆ తర్వాత టౌనులోంచి ఒక మెకానిక్‌ను పిలిచి కేబుల్ మార్పించాడు. అదే కథ. చివరకు, డబ్బివ్వనక్కర్లేని మెకానిక్‌ను నేనే కదా, నన్ను పిలిచాడు.

పిలుపు కోసమే కాచుకున్నవాణ్ణి, పండక్కి పోయినట్టు పోయాను. బాగుచేయాలని కాదు, ఆయన మొహం చూడాలని. అయినా పని పనే. రెండు యాంటీవైరస్‌లు తీసేశాను. ఉన్న కేబుల్ పీకి సంచిలో పడేసి, కొత్తది తీసి రెండు వైపులా మరలు గట్టిగా బిగించాను. లాగి చూశాను. మానిటరే కదిలింది కానీ కేబుల్ ఊడలేదు. బల్లను గోడకు నెట్టేశాను. రత్నక్క కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని గోపాలప్ప పక్కన నిలబడ్డాను.

"ఇప్పుడు తెరువు పెద్దబావా."

ఆయన బావ చేసిన ఒక పత్రిక తెరిచాడు. వినాయకుడు వచ్చాడు. కింద పెళ్ళికూతురి పేరు వచ్చింది. ఆయన దాన్ని చెరిపి కొత్త పేరు కొట్టబోయాడు. తెర నల్లబడింది.

బల్ల ముందుకు లాగి చూస్తే కేబుల్ కొస కిందికి వేలాడుతోంది. ఊడి పడలేదు. రెండు మరలూ పూర్తిగా విప్పి ఉన్నాయి. మర వదులవడం వేరు, విప్పడం వేరు. వేళ్ళతో తిప్పి తిప్పి తీస్తేగానీ అది రాదు. బల్లకూ గోడకూ మధ్య పిల్లి కూడా పట్టదు.

"నీ చేతివాటం నాకు తెలీదా రా!" గోపాలప్ప లేచాడు.

"నా రెండు చేతులూ నీ కాఫీ గ్లాసునే పట్టుకోని ఉండాయి కదా పెద్దబావా. మూడో చెయ్యి యాడనించి తెద్దును?"

రత్నక్క గుమ్మంలోంచి అంది. "ఇచ్చెయ్యప్పా ఆయమ్మ వస్తువు ఆయమ్మకి. నాకు వంటింట్లో ఒంటిగా ఉండాలంటే కాళ్ళు ఆడేది లేదు."

"గమ్మునుండు. తీగ ఊడితే భయపడే ముండ మొకాలు మీరు."

నేను నవ్వుకుంటూ బయటికొచ్చాను. వీధి చివరిదాకా నవ్వాను. ఆ తర్వాత సంచిలోని పాత కేబుల్ చేతికి తగిలి నవ్వు ఆగింది. మరలు నేనే కదా బిగించింది. ఆ బిగువు నా వేళ్ళకు తెలుసు. ఏదో పొరపాటు పడ్డానని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికి అది సరిపోయింది.

ఐప్పసికి ముందు నెల పురట్టాసిలో మాలయ అమావాస్య వచ్చింది. పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. మా వైపు పద్ధతి ఏమిటంటే, చనిపోయినవాళ్ళ ఫోటో ముందు ఆకు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కొత్తబట్టలు పెడతారు. కర్పూరం వెలిగించి అందరూ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేస్తారు. పెద్దలు వచ్చి తినే వేళ అది. కాసేపాగి ఇంటి పెద్ద తలుపు తడతాడు. మేము వస్తున్నాం అని లోపలివాళ్ళకు చెప్పడం అన్నమాట. తట్టకుండా తెరవకూడదు. తర్వాత ఆ అన్నం అందరూ తింటారు. ఆ కొత్తబట్టలు మాత్రం వారసుడు కట్టుకుంటాడు.

గోపాలప్ప బుర్ర ఇక్కడే పనిచేసింది. బావకు ఇష్టమైన వస్తువు కదా అని కంప్యూటర్‌ను కూడా ఫోటో ముందు పెడతానన్నాడు. తమ్ముడి మనసు చల్లబడుతుందట. బంధువులందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం ఎత్తు తెలిసిపోయింది. పెద్దల ముందు పెట్టి, పిల్లల్లేని బావకు వారసుడిగా అందరూ చూస్తుండగా తీసుకుంటే అదీ ఆ కొత్తబట్టల లాంటిదే. ఇక అది ఆయనది. ఏ పంచాయితీకి పోయినా, మునిరాజే ఇచ్చాడు అనవచ్చు. అక్క నోరు అక్కడితో మూతపడుతుంది.

అక్కకు ఫోన్ చేసి రావద్దన్నాను. "ఆయనకు ఒబ్బట్లు నేను తప్ప ఎవురు చేస్తారు?" అని, డబ్బా నిండా ఒబ్బట్లతో బస్సు దిగింది.

మిట్టమధ్యాహ్నం. గోపాలప్ప ఇంటి గదిలో బావ ఫోటో, ఆకు, రాగిముద్ద, కోడికూర, అక్క చేసిన ఒబ్బట్లు, జరీ అంచు పంచె. పక్కన పీట మీద కంప్యూటర్, దానికి విభూతి, కుంకుమ. కరెంటు లేదు, ఏ కేబులూ దేనికీ తగిలించి లేదు. నేనే చూశాను. అందరం బయటికొచ్చాం. గోపాలప్ప తలుపు దగ్గరికి వేశాడు. గదికి అదొక్కటే తలుపు, కిటికీకి ఇనుప కమ్ములు.

తలుపు తెరవగానే గొడవ పెట్టుకుందామని చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డాను.

కాసేపాగి గోపాలప్ప తలుపు తట్టి తోశాడు. రాలేదు. నవ్వి మళ్ళీ తోశాడు. రాలేదు.

"వానలకు ఉబ్బిందప్పా," అని భుజం ఆనించాడు. ఇద్దరు దాయాదులు సాయం పట్టారు. తలుపు ఉలకలేదు.

నన్ను పిలిచారు. తలుపులు నా పనే. కింద కాలితో తోశాను, కదిలింది. పైన చేత్తో తోశాను, కదిలింది. వానకు ఉబ్బిన తలుపు అంచు పొడుగునా పట్టేస్తుంది. ఇది అలా లేదు. రొమ్ము ఎత్తున ఒకేచోట ఆగుతోంది. లోపల గడియ పడిన తలుపు అలా ఆగుతుంది. ఇనుము ఇనుముకు తగిలే ఆ గట్టిదనం నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది.

"లోపల గడి పడింది," అన్నాను.

ఎవరి పిల్లలు వాళ్ళ పక్కనున్నారా అని తల్లులు చూసుకున్నారు. అందరూ బయటే ఉన్నారు. గోపాలప్ప నుదుటి మీద విభూతి చెమటకు కారుతోంది.

"తమ్ముడూ, నేనేరా, మీ అన్న," అన్నాడు తలుపుతో. అన్నగా ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటాను. తలుపు ఒప్పుకోలేదు.

బంధువుల్లో అందరికన్నా పెద్దది చెన్నమ్మవ్వ. మూలన కూర్చుని ఆకూవక్కా నములుతోంది. "నువ్వు పక్కకి రారా గోపాలా. వాడికి నీ మొకం చూసేదానికి ఇష్టం లేనట్టుండాది. సరోజా, నువ్వు తట్టమ్మా."

అక్క వచ్చింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని తలుపుకు ఎదురుగా నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. మూడుసార్లు తట్టిన చప్పుడు వినబడింది, మెల్లగా, మర్యాదగా. తలుపు తెరుచుకుంది. కిర్రుమనలేదు కూడా.

లోపల అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కర్పూరం ఆరిపోయింది, అంతే. నేను మొదట చూసింది తలుపు వెనక భాగం. గడియ కోసం.

గడియ లేదు. పాత మరల గుంతలు మాత్రం ఉన్నాయి, వాటిని కూడా మెత్తి రంగు వేసేశారు. రత్నక్క వెనకనుంచి చెప్పింది. "మనవడు లోపల వేసుకోని ఏడ్చినాడని ఎప్పుడో పీకించేసినాం మంజా."

గోపాలప్ప ఏదో అనబోయాడు. చెన్నమ్మవ్వ ఆకూవక్కా ఊసి వచ్చి, "వస్తువు ఎవురిదో వాడే చెప్పేసినాడు కదా. మధ్యలో నీ తీర్పు ఎవురికి కావల్ల?" అంది.

అంతే. ఆ మధ్యాహ్నమే గూడ్సు ఆటో వచ్చింది. డబ్బా గోపాలప్ప చేతే మోయించాను. ఆ తర్వాత మానిటర్ కూడా మోయించాను. నడుం నొప్పి అంటే, నిదానంగా రా పెద్దబావా, తొందరేముంది అన్నాను. నేను మౌస్ ఒక్కటే పట్టుకున్నాను, బిడ్డను ఎత్తుకున్నట్టు. గోడ మీది బోర్డు మాత్రం నా చేతులతోనే విప్పాను. ఆయన కింద నిలబడి చూస్తుండగా, ఒక్కొక్క మరా ఆస్వాదిస్తూ. జరీ పంచె ఆయన కట్టుకోలేదు. ఎవరూ కట్టుకోలేదు.

ఐప్పసి ముహూర్తాలు అక్కకు అందాయి. కంప్యూటర్ మారిపోయి మంచిదైందని కాదు. యాంటీవైరస్ ఇప్పటికీ పెళ్ళికూతురి పేరు మధ్యలో వచ్చి నిలబడుతుంది. కేబుల్ కొత్తదైనా, బస్సు పోతే తెర ఇప్పటికీ గులాబీ అవుతుంది. కానీ నేను కొన్న ఆ కేబుల్ ఇంతవరకు ఊడలేదు. మొన్న అక్క బంధువుల పెళ్ళి పత్రిక ఒకటి చేసింది. పెద్దల పేర్లలో గోపాలప్ప పేరూ వేయాలి. వేసింది. కళ్ళద్దాలు పెట్టుకుని, పత్రికను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనబడుతుంది. ఆ సంగతిలో మా అక్క అంత మంచిదేమీ కాదు.

ఆ పత్రిక చూసి నవ్వుకుంటూ ఉండగానే అడిగాను. "ఆ పొద్దు తలుపు తట్టేముందు ఏమనుకున్నావక్కా?"

అక్షరాలు కొడుతున్న చేయి ఆగింది. "నేను తట్టలేదు మంజా."

"మూడుసార్లు తట్టినావు కదక్కా. అందరం విన్నాం."

"నేనూ విన్నాను. చెయ్యి ఎత్తినాను, అంతే, ఇంకా తలుపుకు తగల్లేదు. వెనకనించి నువ్వే తట్టినావనుకున్నాను."

నేను తట్టలేదు. నా ముందు అక్క వీపు, కొంగు తప్ప ఆమె చేయి నాకు కనబడలేదు. తర్వాత రత్నక్కను అడిగాను, చెన్నమ్మవ్వను అడిగాను, దాయాదులను విడివిడిగా అడిగాను. అందరూ విన్నారు. అందరూ అక్కే తట్టిందనుకున్నారు. అక్క చేయి తలుపుకు తగలగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ తలుపును తర్వాత నేను రెండుసార్లు పోయి చూసొచ్చాను. వానలో చూశాను, ఎండలో చూశాను. వేలితో తోసినా తెరుచుకుంటుంది. రొమ్ము ఎత్తున దేన్ని పట్టుకుని ఆ రోజు మమ్మల్ని ఆపిందో నాకు అంతుపట్టలేదు. ఇవాళ్టికీ పట్టలేదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను, వెక్కిరించను.

అక్కకు మాత్రం ఇందులో తెలుసుకోవాల్సింది ఏమీ ఉన్నట్టు లేదు. మళ్ళీ అక్షరాలు కొట్టడం మొదలుపెట్టి, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే అంది:

"అది మీ బావకు పరాయి ఇల్లే కదా మంజా. తట్టి బయటికి వచ్చినాడేమో."